కిడ్నీల మీది టోపీలు

మంగళవారం, కార్తీకం

ఇన్నేళ్లు వార్తలు రాశాను గానీ, కిడ్నీల మీద టోపీల్లా రెండు గ్రంథులుంటాయని తెలియదు. డాక్టరమ్మ గీసి చూపించింది. లోపలి భాగం అడ్రినలిన్ ఇస్తుంది, బయటి పొర కార్టిసాల్. కార్టిసాల్ లేకుంటే బీపీ నిలవదట.

చొప్పదండి బావ మోకాళ్ల నొప్పికి ఏడాదిగా స్టెరాయిడ్ గోలీలు మింగాడు. అవీ కార్టిసాల్ లాంటివే కాబట్టి గ్రంథులు పని మానేశాయి. మాల వేసుకోగానే, దీక్షలో మందులు ముట్టొద్దని గోలీలు ఆపేశాడు, నిన్న పడిపోయాడు. ఇంజెక్షన్‌తో లేచాడు.

"మాల తీసేదాక గోలీ ముట్ట, బామ్మర్దీ!"

గ్రంథులు మళ్లీ మేల్కొంటాయా? నెలలు పట్టొచ్చంది డాక్టరమ్మ. అప్పటిదాకా గోలీ మానితే ప్రాణానికే ముప్పు.

అక్క నన్ను వరండాలోకి లాగింది. "ప్రసాదంల కలిపి పెడ్త. నువ్వు నోరు మూసుకో తమ్మీ."

దాచింది బయటపెట్టడమే నా పని. రేపు "ప్రసాదంల ఏం కలిపిన్రు?" అని బావ నన్నే అడిగితే...