పది దాటాక నాటమన్నాను

అక్కకు, ఇక్కడ మనుషులందరం బాగానే ఉన్నాం, వంగ నారే పోయింది.

అమ్మ దాచిన తెల్ల వంకాయ గింజలు మనిద్దరం పంచుకున్నాం కదా, నా వాటా మొత్తం కిటికీ గట్టు మీద కప్పుల్లో మొలకెత్తించి నలభై రోజులు పెంచాను. చలి ఎప్పుడు వదిలిందో తొమ్మిదేళ్లుగా నోటుబుక్కులో రాసుకుంటున్నాను. ఏ ఏడూ ఈ నెల పదో తారీఖులోపు వదల్లేదు. అందుకే నాలుగున పెద్దదాన్ని చూడడానికి వెళ్తూ, "పది దాటకుండా పెరట్లో నాటకండి" అని మీ మరిదికి రెండుసార్లు చెప్పాను. ఆరున తిరిగొచ్చేసరికి ఇరవై నాలుగు మొక్కలూ మంచుకు మాడి, నల్లగా వాలిపోయి ఉన్నాయి.

"పది దాటాకే కదే నాటింది! పదింబావుకి మొదలుపెట్టాను" అన్నారు. ఎండెక్కాక నాటమన్నాననుకున్నారట!

"నాన్న గడియారం చూసుకునే నాటాడమ్మా, నేనే సాక్షి" అని చిన్నది ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది. పైగా "తారీఖని విడమరిచి చెప్పాల్సింది" అని తప్పు నా నెత్తినే రుద్దారు. నువ్వూ ఆయన్ని వెనకేసుకురాకు.

నీ వాటా గింజలు మిగిలాయా? ఆ రకం ఏ దుకాణంలోనూ దొరకదు. పది గింజలున్నా వెంటనే పంపు, వేసవి చివరికైనా కాపు చూస్తాను. బావగారి మోకాలు ఎలా ఉంది? ఆయనకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

కవరు మీద నా పేరే రాయి. మీ మరిది పేరు రాశావంటే విప్పి ఆ పూటే నాటేస్తారు.

నీ చెల్లెలు