ఉడకబెట్టిన మట్టి

అత్తయ్యకు నమస్కారాలు.

ఫోన్లో చెబితే సగమే గుర్తుంటుందన్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మా యూనివర్సిటీలో ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకి నడిచేసరికి తిన్నది అరిగిపోతుంది. మా మైక్రోబయాలజీ లాబు నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్టు మాత్రం మూడో అంతస్తు దాకానే.

సబ్బునీళ్ళలో కూడా బతికి, బట్టల మీది మరకల్ని తినేసే సూక్ష్మజీవిని మట్టిలోంచి పట్టుకోవాలి. అదీ నా ప్రాజెక్టు. దొరక్కపోతే నా ఏడాది పోయినట్టే. సబ్బునీళ్ళు అనగానే నువ్వే గుర్తొచ్చావు. మీ లాండ్రీ వెనక నీళ్ళు పోయే చోటి నుంచి ఒక డబ్బాడు మట్టి పంపుతావా?

నీ మేనకోడలు

తా.క. ఎంత మురికిగా ఉంటే అంత మంచిది.

---

అమ్మడికి అత్తయ్య దీవెనలు.

డబ్బా పంపాను. నీ చివరి మాట మాత్రం నాకు నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి మురికీ వదిలిస్తున్నదాన్ని, నా పేరు చెప్పి యూనివర్సిటీకి మురికి మట్టి పంపుతానా? అక్కడ భూతద్దాలు పెట్టి మరీ చూస్తారట కదా. అందుకని ఆకూ అలమూ ఏరి, నీళ్ళు పోసి రెండు పొంగులు రానిచ్చి, గుడ్డలో వడకట్టి, పైన ఇస్త్రీపెట్టె ఆనించి ఆరబెట్టాను. మీ మామయ్య చూసి, "పిల్ల అడిగింది మట్టేనా?" అన్నారు. ఆయనకేం తెలుసు.

మీ అత్తయ్య

తా.క. డబ్బా కూడా తోమాను. తిరిగి పంపు, దాని మూత బాగా పడుతుంది.

---

అత్తయ్యకు, ఏమనాలో తెలియక, నమస్కారాలే.

మట్టిని ఉడకబెట్టావని మా గైడు మేడమ్‌కి చెబితే లాబులో అందరూ పని ఆపి మరీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అయినా పారెయ్యడానికి ప్రాణం ఒప్పక ఆ మట్టినే, సూక్ష్మజీవుల్ని పెంచే పాలు కలిపిన ప్లేట్ల మీద చల్లాను. పదకొండు ప్లేట్లలో ఏమీ రాలేదు. పన్నెండోదాంట్లో ఒకే ఒక్క చుక్క మొలిచింది. దాని చుట్టూ ఉన్న పాలన్నీ తినేసింది, అంతమేరా ప్లేటు అద్దంలా అయిపోయింది.

రెండు పొంగులు తట్టుకున్న మొండిఘటం కాబట్టి సబ్బుపొడిలోకి పనికిరావచ్చని మేడమ్ అంటున్నారు. సీసా మీద "అత్తయ్య-1" అని రాశాను. ఇప్పుడు అదే చోటి పచ్చిమట్టిలో కూడా అది దొరకాలి. అప్పుడే నమ్ముతారట. పదిహేను రోజుల్లో పంపాలి.

నీ మేనకోడలు

తా.క. ఉడకబెట్టకు. కడగకు. ఇస్త్రీ అసలే వద్దు.

---

అమ్మడికి అత్తయ్య రాయునది.

క్రిమికి నా పేరేమిటే? ఈ సంగతి తెలిస్తే నాకు ఎవరైనా బట్టలేస్తారా? సరే, రెండో డబ్బా పంపాను. నీళ్ళు పొయ్యలేదు, చెయ్యి కూడా పెట్టలేదు. మనసుని ఎంత అదుపులో పెట్టుకున్నానో నాకే తెలుసు.

ఒక మంచి పని జరిగింది. మన సబ్బునీళ్ళు గోడ కింద కన్నంలోంచి తన పెరట్లోకి వస్తున్నాయని పక్కింటి టైలరమ్మ ఏడేళ్ళుగా పోరుతోంది కదా. ఆ కన్నం ఎప్పుడో మూయించానని నేనూ ఏడేళ్ళుగా ఒట్లేస్తున్నాను. నిన్న ఆవిడకి వినబడేట్టు చెప్పాను, మా మట్టిని యూనివర్సిటీ వాళ్ళు పదకొండుసార్లు చూసినా ఏమీ కనబడలేదని.

మీ అత్తయ్య

తా.క. పేరు పెట్టక తప్పదంటే మీ మామయ్యది పెట్టు. ఆయన ఎన్ని పొంగులైనా తట్టుకుంటారు.

---

అత్తయ్యకు.

రెండో డబ్బాలో మన సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేదు. ఒక వేరుముక్క, ఒక కుండీ పెంకు ఉన్నాయి. ఆ పన్నెండో ప్లేటులో మొలిచింది నా చేతుల నుంచే పడిందేమో, నేను చేతులు సరిగ్గా కడుక్కోలేదేమో అన్నారు మేడమ్. నీ దగ్గర పెరిగినదాన్ని, నన్నామాట అన్నారు.

సబ్బునీళ్ళు ఏళ్ళ తరబడి నిలిచిన చోటే అలాంటిది ఉంటుందట. శుక్రవారం మేడమ్, నేను అక్కడికే వస్తున్నాం. అప్పుడూ దొరక్కపోతే ప్రాజెక్టు కొట్టేస్తారు.

నీ మేనకోడలు

తా.క. నిజం చెప్పు, రెండు డబ్బాలూ ఒకే చోటివేనా?

---

అమ్మడికి అత్తయ్య, తల వంచుకుని రాయునది.

నీ చేతులకేం, బంగారంలాంటి చేతులు. తప్పంతా నాది. నువ్వు వెళ్ళాక మన వెనకంతా గచ్చు చేయించేశాం, ఇక మట్టెక్కడిది? మొదటిసారి టైలరమ్మ లేనప్పుడు గోడ దూకి, అవతల చెమ్మగా ఉన్న చోట తవ్వుకొచ్చాను. అక్కడ చెమ్మ ఎందుకుందో నాకు తెలుసు. ఆ కన్నం నేను మూయించనే లేదు, బకెట్టు అడ్డం పెట్టానంతే. రెండోసారి దూకబోతే మోకాలు లేవలేదు. పూలకుండీలోది పంపాను.

నీ ఏడాది పోతుందని చదివాక ముద్ద దిగలేదు. పొద్దున్నే టైలరమ్మ గుమ్మమెక్కి అంతా ఒప్పుకున్నాను. ఆవిడ మిషను ఆపి, "ఏడేళ్ళు నేను మొత్తుకుంటే వినలేదు. కంటికి కనబడని పురుగు చెబితే విన్నారా, వదినగారూ" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మేస్త్రీని పిలిచి కన్నం మూయించబోతే ఆవిడే అడ్డుపడింది. పిల్ల పాసయ్యేదాకా నీళ్ళు రానివ్వమంది. ఆ చోట ఎవరూ తొక్కకుండా నాలుగు పుల్లలు పాతి, చుట్టూ ఎర్రదారం కట్టింది. మీరు ధైర్యంగా రండి.

మీ అత్తయ్య

తా.క. మట్టి తనది కాబట్టి సీసా మీద తన పేరే ఉండాలంటోంది. కుదరదని చెప్పాను. ఉడకబెట్టింది నేను.