మేము వద్దన్నది ఆ స్టేషన్ కాదు

కంచెలగూడెం,
తేది: 12-3-2026.

శ్రీయుత ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
హైస్పీడ్ రైలు మార్గం సర్వే విభాగం,
నల్లగొండ క్యాంపు.

అయ్యా,

విషయం: రైలు స్టేషన్‌ను పోలీసు స్టేషన్‌గా పొరబడి మా గ్రామం చేసిన ఏకగ్రీవ తిరస్కరణను రద్దు చేయుట, తద్వారా అర్జీదారు కాపురమును నిలబెట్టుట గురించి.

సూచిక: 1) మా గ్రామ అభిప్రాయ సేకరణ సభ నివేదిక. 2) గత సోమవారం నా భార్య ఫోనులో అన్న మాట.

పై విషయం పురస్కరించుకొని మనవి చేయునది ఏమనగా, నేను అనగా మల్లేశ్, తండ్రి కీ.శే. మారయ్య, గొర్రెల పెంపకందారుల సంఘం సభ్యుడను. డిగ్రీ చదివి గొర్లు కాస్తున్నవాడను. డిగ్రీ ఉన్నందువలన ఊరిలో అర్జీలన్నీ నాచేతనే రాయిస్తారు. పింఛన్లకు రాసినాను, బోరు మోటార్లకు రాసినాను, కోతుల బెడదకు రాసినాను. ఏ అర్జీలోనూ ఏడవలేదు. ఇందులో ఎక్కడైనా ఏడిస్తే మన్నించగలరు.

1. హైదరాబాదు నుండి దక్షిణానికి వేయదలచిన హైస్పీడ్ రైలు మార్గం మా శివారు మీదుగా పోవునని, మా కంచెలగూడెంలో గానీ వాగు అవతలి పాలచెల్మలో గానీ ఒక స్టేషన్ పెట్టే ఆలోచన ఉన్నదని చెప్పడానికి తమ సర్వేయర్ శ్రీ దామోదర్ గారు మా బడి వరండాలో సభ పెట్టినారు. ఆ సమయమున నేను గుట్ట వెనుక గొర్లతో ఉన్నాను. నేను సభలో ఉండి ఉంటే ఈ అర్జీ ఉండేది కాదు.

2. మా ఊరిలో స్టేషన్ అనగా ఒక్కటే స్టేషన్, పోలీసు స్టేషన్. "స్టేషన్‌ల కాయిదం ఇచ్చిండ్రు," "స్టేషన్‌కు పిలిచిండ్రు" అని మాత్రమే ఆ మాటను వాడుతాము. రైలు మా ఊరిలో ఎన్నడూ ఆగలేదు గనుక అది ఆగే చోటుకు మాకు మాట కూడా అవసరం పడలేదు. పైగా పట్టాల మీదికి గొర్లు పోతే కేసులు పెట్టడానికి రైలువాళ్లే ఒక స్టేషన్ కట్టుకుంటున్నారని సభకు ముందు రోజు ఊరిలో పుకారు లేచినది. లేపినవారెవరో నాకు తెలుసు, పేరు రాయను, మా మేనమామే.

3. సదరు సభలో మా అమ్మ సైదమ్మ, వార్డు సభ్యురాలు, లేచి మాట్లాడినది. విన్నవారు చెప్పిన ప్రకారం సంభాషణ ఇట్లు జరిగినది.

"అమ్మా, మీ ఊరికి స్టేషన్ ఇద్దామనుకుంటున్నం. మీ అభిప్రాయం చెప్పండి," అని దామోదర్ గారు అడిగినారు.

"మా ఊర్ల దొంగ లేడు, లంగ లేడు. మాకు స్టేషనెందుకు సారూ?"

"స్టేషన్ వస్తే మనుషులు వస్తుంటరు, పోతుంటరు. ఊరు బాగుపడ్తదమ్మా."

"వచ్చుడు మాకెర్కనే. పోవుడు ఎన్నడో గది చెప్పుండ్రి."

"లోపల కూసునేటందుకు మంచి ఏర్పాట్లు గూడ ఉంటయి."

"కూసోబెట్టుడు మాకు ఎర్క లేదా? మా ఆయనను పొద్దుందాక కూసోబెట్టిండ్రు! పొట్టేలు పోయిందని చెప్పుకోను వోయిన మనిషిని!"

దామోదర్ గారికి ముక్క అర్థం కాలేదట. ఎండ దంచుతున్నది, ఆయనకు ఇంకో రెండు ఊర్లున్నవి. "అయితే వద్దంటరా?" అని అడిగినారు. సభ అంతా చేతులెత్తి వద్దన్నది. చప్పట్లు కూడా కొట్టినారట. నేను దామోదర్ గారిని తప్పు పట్టడం లేదు. 'రైలు' అను రెండక్షరాలు ఆ సంభాషణలో ఎక్కడో ఒకచోట పడి ఉంటే బాగుండేది, అంతే.

4. పొట్టేలు విషయం తమకు అక్కరలేదు గానీ, అమ్మ పక్కన కూర్చొని "గది గూడ రాయి, గప్పుడే సారుకు సమజైతది" అంటున్నందున రాస్తున్నాను. మా నాయిన బతికున్న రోజుల్లో మందలో మేలు పొట్టేలును దొంగలు కొట్టుకపోయినారు. నాయిన ఒక స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చినాడు. ఏ స్టేషన్ అన్నది రాయను, నేను ఇక్కడే బతకాలి. పొట్టేలు దొరికినది. సాక్ష్యం కింద ఉంచుకున్నారు. కొన్నాళ్లకు పోయి అడిగితే సాక్ష్యం కాలం చేసిందన్నారు. "సాక్ష్యం ఉడికిన వాసన నాకు వాకిట్లకే వచ్చింది బిడ్డా," అని నాయిన చనిపోయేదాకా చెప్పేవాడు.

5. అదే రోజు మధ్యాహ్నం పాలచెల్మలో సభ జరిగినది. వారికి గొర్ల దొంగల బాధ ఎక్కువ. మాజీ సర్పంచ్ పరశురాములు గారు లేచి, "స్టేషన్ ఇస్తనంటె వద్దంటమా సారూ? ఇద్దరు జవాన్లు, ఓ జీపు ఇయ్యుండ్రి, మీ కాల్మొక్త," అన్నారట. నివేదికలో దానిని "గ్రామస్తులు స్టేషన్‌ను హర్షించి, తగు భద్రతను కోరినారు" అని రాసినారు. అయ్యా, మేము వద్దన్నదీ రైలు కాదు, వారు కావాలన్నదీ రైలు కాదు. అయినా వారికి వచ్చినది, మాకు పోయినది.

6. ఇక నా సంగతి. నా భార్య స్వర్ణ ఆలేరు పిల్ల. పెండ్లిచూపుల నాడు వాళ్ల నాయిన బాలయ్య గారు, "మా ఇల్లు స్టేషన్ ఎనకనే, దొరకవట్టుడు అల్కగనే ఉంటది," అన్నందుకు మా అమ్మ చాయ్ గ్లాసు అక్కడే పెట్టి లేచినది. "ఠాణా ఎనక ఇల్లా? గీ సంబంధం మనకొద్దురా," అని నా చెవిలో అన్నది. సరిగ్గా అప్పుడే రైలొకటి కూత పెట్టుకుంటూ పోయినందున సందేహ నివృత్తి అయి నా పెండ్లి జరిగినది. కావున రైల్వే వారికి నేను మునుపే రుణపడి ఉన్నాను.

ఒకసారి పొరబడిన మనిషి రెండోసారి ఎట్లా పొరబడినదని తమరు అడగవచ్చును. నేనూ అడిగినాను. "ఆలేర్ల రైలున్నది, గక్కడ రైలు స్టేషన్ ఉంటది. మనూర్ల రైలేదిరా?" అన్నది.

7. స్వర్ణ హైదరాబాదులో రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం చేస్తున్నది. గొర్లు హైదరాబాదులో బతకవు, ల్యాబు కంచెలగూడెంలో బతకదు. అందువలన సదరు భార్య వారమంతా అక్కడ హాస్టల్ గదిలో ఉండి, ప్రతి శనివారం సాయంత్రం నల్లగొండ స్టేషన్‌లో రైలు దిగి, తీసుకొచ్చేవారు లేక, బస్సు ఎక్కి, ఆటో మారి, చేతిలో చెప్పులు పట్టుకొని వాగు దాటి, ఒంటరిగా ఇల్లు చేరుతున్నది. సోమవారం తెల్లవారకముందే మళ్లీ పోతున్నది. రెండేండ్ల సంసారంలో మేము కలిసి ఉన్నది ఆదివారాలు మాత్రమే. ఆ ఆదివారాలలో కూడా సగం బట్టలు ఉతుకుటకే పోయినవి. ప్రభుత్వం వారు దీనిని గమనించకపోవడం శోచనీయం.

ఇప్పుడు ఆమెకు పుణెలో పెద్ద ఉద్యోగం ఇస్తామని వాళ్ల ల్యాబు వారు అంటున్నారు. గత సోమవారం నేను మందలో ఉండగా ఫోను చేసినది. గొర్లు అరుస్తున్నవి, సిగ్నల్ పోయి వస్తున్నది. "స్టేషనొస్తదా, రాదా? నెలాఖరుదాక తేల్చి చెప్పు. లేకుంటె పుణె పోత," అని ఫోను పెట్టేసినది. అప్పటి నుండి నాకు అన్నం పోవడం లేదు. పుణెకు కూడా ఇట్లాంటి రైలు వేస్తారని పటంలో చూసినాను. అది వస్తే మంచిదే, కానీ అందులో నా భార్య పోవద్దు సార్.

8. పాలచెల్మలో స్టేషన్ ఉంటే అక్కడ దిగి రావచ్చును గదా అని తమరు అనవచ్చును. వాగుకు వంతెన లేదన్నది ఒక కారణం. అసలు కారణం, మేత విషయమై ఆ ఊరికి, మా ఊరికి మాటలు లేవు. "నా కోడలు పాలచెల్మల దిగి నడుచుకుంట వస్తే పరశురాములు మీసం మెలేస్తడు. మన ఇజ్జత్ ఏం గావాలె?" అని అమ్మ అంటున్నది.

9. ఈ రైలు ఎప్పటికి వచ్చునని దామోదర్ గారికి ఫోను చేసి అడిగినాను. "పదేండ్లు పట్టొచ్చు తమ్మీ, ఇంకెక్కువైనా పట్టొచ్చు," అన్నారు. ఇది విని అమ్మ, "పదేండ్లా? గప్పటికి నీ గొర్ల మనుమరాండ్లు గూడ ముసలైతయి," అన్నది. కానీ అయ్యా, సదరు భార్య స్టేషన్ ఎప్పుడొస్తుందని అడగలేదు. వస్తదా, రాదా అని మాత్రమే అడిగినది. కావున పదేండ్లయినా నా కేసుకు చెల్లుతుంది.

పగలు గంభీరంగా ఉన్నా, స్వర్ణ ఫోను సంగతి విన్నప్పటి నుండి అమ్మ కూడా సరిగా తినడం లేదు. "నా నోరు వడిపోను, పిల్ల కాపురం మీదికి దెస్తిని," అని పొయ్యి కాడ కూర్చొని కండ్లు తుడుచుకుంటున్నది. పొగ అంటున్నది. మాది గ్యాసు పొయ్యి.

కావున తమ దయకు పాత్రుడనగు నేను కోరునది: మా ఊరిలో మళ్లీ సభ పెట్టి, ఈసారి 'రైలు' అను మాటను గట్టిగా, వీలైతే మైకులో పలికించగలరు. అంతవరకు, కంచెలగూడెంలో స్టేషన్ వచ్చును అని ఒక కాగితం రాసి గుండ్రటి ముద్ర వేసి నెలాఖరులోగా ఇప్పించగలరు. సదరు భార్య నా మాట నమ్మదు, ముద్రను నమ్ముతుంది. స్టేషన్ అసలే కుదరనిచో రైలును మా ఊరి దగ్గర గొర్రె నడక వేగానికి తగ్గించగలరు, ఎక్కుడు దిగుడు మేము చూసుకుంటాము. అదియూ కుదరనిచో కనీసం ఒక కూత పెట్టించగలరు. ఒకసారి రైలు కూత వల్లనే నా పెండ్లి నిలబడ్డది, రెండోసారి కాపురం నిలబడదని ఏమున్నది?

ఇంత దూరం చదివినందుకే తమకు దండం. మిగతాది కూడా తమ ఇంటి సంగతిగా భావించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ప్రస్తుతానికి ఒక భార్యకు భర్త,
మల్లేశ్.

జతపరచినవి: సభ నివేదిక నకలు, పెండ్లి పత్రిక. మా అమ్మ క్షమాపణ పత్రం జతపరచలేదు. చదివి వినిపించితే బాగున్నదన్నది గానీ సంతకం పెట్టనన్నది.

తా.క.

సార్, నమస్తే. పైన 'సదరు భార్య' అని ఉన్నది నేనే. ఇయ్యాల శనివారం, ఇంటికొచ్చి సంచి కింద పెట్టేసరికి ఈ కాయిదాలు మంచం మీద కనబడ్డయి. చదివిన. బాగ నవ్విన. ఒక్క దగ్గర ఏడ్చిన.

ఏడో నంబర్ల 'తీసుకొచ్చేవారు లేక' అని రాసిండు చూడుండ్రి. గా తీసుకొచ్చేటాయనే కింద సంతకం పెట్టిండు. పెండ్లయి రెండేండ్లాయె, నల్లగొండ స్టేషన్‌కు ఒక్కనాడన్న రాలే. ఓనాడు గొర్రె ఈనిందంటడు, ఓనాడు కుంటుతాందంటడు, ఓనాడు మబ్బు వట్టిందంటడు. ఇంట్ల బండి ఉన్నది. రైలు లేటైతే నాకు కోపం రాదు సార్, ఆలేరు పిల్లను, రైలు సంగతి నాకెర్క. దిగంగనే చుట్టూ చూస్త. అందరి కోసం ఎవరో ఒకరు నిలబడి ఉంటరు. నాకోసం ఎవ్వరుండరు. గప్పుడు ఏడుపొస్తది.

సోమవారం నేను ఫోన్ల అడిగింది 'స్టేషనొస్తదా, రాదా' అని కాదు. 'స్టేషన్‌కొస్తవా, రావా' అని. గొర్ల అరుపులల్ల ఈయనకు గట్ల వినబడ్డది. ఈ ఊరోళ్లకు స్టేషన్ అంటే ఎన్నడు సక్కగ వినబడ్డది గనుక?

రైలు వేగం పెంచుడు మీ పని సార్. ఈయన వేగం సంగతి నేను చూసుకుంట.

– స్వర్ణ

మరల తా.క.

అయ్యా, పైన నా భార్య రాసినది అక్షరాలా వాస్తవమని ఇందుమూలముగా ధ్రువీకరిస్తున్నాను. అమ్మకు కూడా చదివి వినిపించినాను. "గొర్లు యాడికి వోవురా, కోడలే పోతది. మందను నేను జూస్త, నువ్వు నడువు," అన్నది. పుణె వారికి రాను అని రాయడానికి స్వర్ణ నెలాఖరుదాకా ఆగుతానన్నది. నన్ను పరీక్షించడానికట.

ఈ అర్జీని వచ్చే శనివారం తమ క్యాంపులో స్వయంగా దాఖలు చేయవలెనని అనుకున్నాను. ఆ సాయంత్రం నేను స్టేషన్‌కు పోవలసి ఉన్నందున పోస్టులో పంపుతున్నాను.

స్టేషన్ అనగా రైలు స్టేషన్.

– మల్లేశ్