నీటికాకుల మూడో వరుస

కురెహామ నీటికాకులు బేస్‌బాల్ క్లబ్
అభిమానుల విభాగం
మే 12

గౌరవనీయులైన కురొసు తెత్సువొ గారికి,

కొత్త చిగుళ్లు కళ్లకు చల్లగా తగులుతున్న ఈ రోజుల్లో తమరు క్షేమమని తలుస్తాం.

ఆరేళ్లుగా లీగ్‌లో అట్టడుగున ఉన్న మన జట్టును కొత్త యాజమాన్యం మళ్లీ నిలబెట్టదలచింది. ఐదేళ్ల ప్రణాళిక సిద్ధమైంది. పాత ఆటగాళ్లను అమ్మేసి కుర్రాళ్లను తీసుకుంటాం. మొదటి బేస్ వైపు ముందు వరుసలు తీసేసి అక్కడ అద్దాల గది కడతాం. తమ పేరున ఉన్న మూడో వరుస సీట్లు రెండూ అందులో పోతాయి. ఈ ఏడాది ఒకటి ఎలాగూ ఖాళీగానే ఉంటోంది కనుక, పై అంతస్తులో ఒక సీటు ఇస్తాం.

మరో సంతోషం. ఆటగాళ్లను పేరు పెట్టి కేకలేయవద్దని ఏటా మేము హెచ్చరిక పంపడం, తమరు వెంటనే క్షమాపణ రాయడం మా విభాగంలో ఆనవాయితీ. ఈ ఏడాది తమ సీట్ల నుంచి కిక్కురుమన్న శబ్దం లేదు. అందుకని తమకు ‘మర్యాద ప్రేక్షకుడు’ పురస్కారం ప్రకటిస్తున్నాం.

వినయంతో,
ఇనుజుకా హరుమి

తా.క.: పురస్కారం నీటికాకి వేషం వేసుకున్న మనిషి చేతుల మీదుగా ఇస్తాం. ఆయన కౌగిలించుకుంటాడు. తప్పించుకోవడం కుదరదు.

* * *

ఇనుజుకా గారికి,

ఋతువు సంగతి మీరు రాశారు. నేను మళ్లీ రాయను.

పురస్కారం వద్దు. పై అంతస్తు వద్దు. మూడో వరుస కావాలి. రెండు సీట్లూ కావాలి.

జట్టును నిలబెట్టడం గురించి ఒక మాట. ఈ జట్టును మొదలుపెట్టింది సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీ. ఆటగాళ్లు పొద్దున డబ్బాలు మోసి మధ్యాహ్నం ఆడేవారు. బంతి జారవిడిచినవాణ్ని మర్నాడు పని దగ్గర ఆడవాళ్లు దులిపేసేవారు. ఒకే ఒక్కసారి లీగ్ గెలిచింది ఆ జట్టే. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ దులిపేవాళ్లే ముందు వరుసల్లోకి వచ్చారు. ఇప్పుడు వాళ్లను పై అంతస్తుకు పంపితే తిట్లు వినపడవు. తిట్లు వినపడకపోతే జట్టు బాగుపడదు.

ఇట్లు,
కురొసు తెత్సువొ

తా.క.: రెండో, మూడో బేస్‌ల మధ్య బంతి ఆపే షార్ట్‌స్టాప్ మినోబే మరీ వెనక నిలబడుతున్నాడు. ఈ మాట నాది కాదు.

* * *

గౌరవనీయులైన కురొసు గారికి,

తొలకరి మబ్బులు రేవు మీదికి వంగుతున్న వేళ తమ ఉత్తరం అందింది. ఆఫీసులో అందరం కూర్చుని చదివాం.

‘దులిపేవాళ్లు’ అన్నారు కనుక తమ వెనక ఒక సంఘం ఉందని మా భద్రతాధికారి తేల్చారు. ‘ఈ మాట నాది కాదు’ అన్నది ఆ సంఘం పెద్ద హెచ్చరికగా తీసుకున్నాం. ఈ ఏడాది తమ మౌనం నిరసన అని ఇప్పుడు అర్థమైంది. సంఘం పెద్దను కలవడానికి డైరెక్టర్ గారు స్వయంగా వస్తానంటున్నారు. సంఘం స్టేడియానికి తెచ్చే డోళ్లూ బూరలూ ఉంటే ముందుగా నమోదు చేయించాలి. ఈలోగా చిక్కుడుగింజల ముద్ద నింపిన మిఠాయిలు పంపుతున్నాం. కోపగించుకోవద్దని పెద్దగారితో చెప్పండి.

ఆందోళనతో,
ఇనుజుకా హరుమి

తా.క.: మినోబేను ముందుకు జరగమని కోచ్ గారు ఇవాళే చెప్పారట. తమ సంఘం మనిషి మా డ్రెస్సింగ్ రూములో ఉన్నాడేమో అడగమన్నారు. అడిగాను.

* * *

ఇనుజుకా గారికి,

సంఘం లేదు. పెద్ద ఉండేది. ఫిబ్రవరిలో పోయింది. నా భార్య ఫుమియే.

కేకలు ఆమెవి. సీట్లు నా పేరున ఉన్నాయి కనుక హెచ్చరిక నాకు వచ్చేది. తప్పు మరొకరిదని రాస్తే అది క్షమాపణ అనిపించుకోదు. అందుకని రాయలేదు. నేను ఎన్నడూ ఎవరినీ కేకేయలేదు.

పెళ్లికి ముందు ఆమె ఆ డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆటగాళ్లందరి మీదా తనకు అధికారం ఉందనుకునేది. మినోబే మీద మరీను. “ఏరా మినోబే, అక్కడేమైనా పాతిపెట్టావా, కాపలా కాస్తున్నావు? ముందుకు రా. బంతి మీ ఇంటికొచ్చి తలుపు కొట్టదు” అనేది. పక్కవాళ్లు నావైపు జాలిగా చూసేవారు. నేను ఆమెకు టీ పోసి ఇచ్చేవాణ్ని.

ఆ సీటు ఖాళీ కాదు. ఎవరూ కూర్చోవడం లేదు, అంతే.

ఇట్లు,
కురొసు తెత్సువొ

తా.క.: మిఠాయిలు ఆమె ఫొటో ముందు పెట్టాను. ఆమెకు చిక్కుడు ముద్ద పడదు. మొత్తం నేనే తినాల్సి వచ్చింది.

* * *

గౌరవనీయులైన కురొసు గారికి,

ఋతువు గురించి ఏం రాయాలో తోచడం లేదు. మా ఆఫీసు కిటికీలోంచి రేవు తప్ప మైదానం కనబడదు. సీటు నంబరు, తమ పేరు మాకు తెలుసు. గొంతు ఎవరిదో తెలియదు. మన్నించండి.

డైరెక్టర్ గారు చలించిపోయారు. వచ్చే శనివారం ఆటకు ముందు ఫుమియే గారి కోసం స్టేడియమంతా ఒక నిమిషం మౌనం పాటిస్తుంది. సీట్ల నిర్ణయం మాత్రం మారలేదు. పనివాళ్లు సోమవారం వస్తారు.

బాధతో,
ఇనుజుకా హరుమి

తా.క.: సంగతి తెలిసి మినోబే గారు ఆఫీసుకు వచ్చారు. “పెద్దమ్మ తిట్టడం మానేసింది. ఇక నా పని అయిపోయిందని వదిలేసిందనుకున్నాను” అన్నారు. చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. అమ్మేసే ఆటగాళ్లలో ఆయనా ఉన్నారని నేను చెప్పలేకపోయాను.

* * *

ఇనుజుకా గారికి,

మౌనం వద్దు. ఫుమియేను అంతమంది ముందు అవమానించినట్టవుతుంది.

శనివారం వస్తాను. నేనే కేకేస్తాను. సముద్రపు గట్టు మీద సాధన చేస్తున్నాను. మొదటిరోజు ‘మినోబే గారూ, వీలైతే’ అని మొదలుపెట్టాను. అది కేక కాదని నాకే తెలిసింది.

అద్దాల గది మరోచోట కట్టుకోండి. ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియడం లేదు. అక్కడ తెలుస్తుంది.

ఇట్లు,
కురొసు తెత్సువొ

తా.క.: నిన్న గొంతు బాగా వచ్చింది. దగ్గర్లో ఉన్న జాలరి వల లాగేసుకుని ఒడ్డుకొచ్చాడు. సునామీ హెచ్చరిక అనుకున్నాడట.

* * *

కురొసు తెత్సువొ గారికి హెచ్చరిక

శనివారం ఐదో ఇన్నింగ్స్‌లో తమరు మూడో వరుసలో లేచి నిలబడి, “ముందుకు రారా మినోబే. మళ్లీ చెప్పడానికి ఆమె లేదు” అని కేకేశారు. ఇది నిబంధనలకు విరుద్ధం. నేను చెవులారా విన్నాను. ఆట చూడడానికి కిందికి దిగడం నాకదే మొదటిసారి.

మినోబే గారు ముందుకు వచ్చి, టోపీ తీసి, మూడో వరుసకు వంగి నమస్కరించారు. సరిగ్గా అప్పుడే బంతి ఆయన పక్కనుంచి దూసుకుపోయింది. మనం ఓడిపోయాం. మొదటి బేస్ వైపు జనమంతా లేచి ఆయన్ను దులిపేశారు. ఆయన కళ్లు తుడుచుకుని, నవ్వుతూ ఆడారు. అలాంటివాణ్ని అమ్మవద్దని డైరెక్టర్ గారు అన్నారు.

ఇక అసలు సంగతి. హెచ్చరిక అందుకున్న మనిషి క్షమాపణ రాసి ఇచ్చేదాకా ఆ సీట్లను తీయడానికీ మార్చడానికీ వీల్లేదని నిబంధన ఉంది. పనివాళ్లను వెనక్కి పంపించాను. క్షమాపణ రాయడంలో తమరు ఏనాడూ ఆలస్యం చేయలేదు. ఈసారి బాగా ఆలోచించుకోండి.

కఠినంగా,
ఇనుజుకా హరుమి

తా.క.: క్లబ్ పుట్టాక ఈ నిబంధనను చివరిదాకా చదివింది నేనేనట.

* * *

ఇనుజుకా గారికి,

హెచ్చరిక అందింది. ఆలోచించాను. క్షమాపణ చెప్పను.

మినోబే వెనకే నిలబడ్డాడు. అన్న మాట సబబే. మంగళవారం ఆటలోనూ అంటాను. వచ్చే ఏడాదీ అంటాను. జట్టు నిలబడడానికి ఐదేళ్లు పడుతుందన్నారు. నాకు డెబ్భై రెండు. ఉంటాను.

ఇట్లు,
కురొసు తెత్సువొ

తా.క.: ఈ ఉత్తరాన్ని పొరపాటున కూడా క్షమాపణల ఫైల్లో పెట్టకండి.