ఎడమకు లాగే బండి

చిరంజీవి పెద్దమ్మాయికి,

నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మా నేనూ వేళకి తింటున్నాం, తిరుగుతున్నాం. అల్లుడుగారూ, పిల్లలూ, నువ్వూ కులాసా అని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. మీ అమ్మ మోకాలి సంగతి అడిగావు. మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదంటోంది. చిన్నదానికి ముందు పళ్ళు ఊడాయని రాశావు. చదివి నవ్వుకున్నాను. సెలవులకి నన్ను కారులో వచ్చి పిల్లలిద్దరినీ తీసుకెళ్ళమన్నావు. ఆ మాట దగ్గరే జవాబు ఆగిపోయింది. ఫోన్‌లో అయితే నాకు మాట పెగలదు, నీకు తెలుసుగా.

కారు ఎడమకు లాగుతోంది. స్టీరింగు తిన్నగా పట్టుకున్నా మెల్లగా రోడ్డు అంచుకి పోతోంది. కుడివైపు బిగబట్టి నడిపి నడిపి భుజం పట్టేసింది. మొదట రోడ్డే వాలుగా ఉందేమో అనుకున్నాను. ఇంకో రోడ్డు మీదా అంతే.

షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్కుని అందరూ స్పానర్ అంటారు. బక్కపలచని మనిషి, పంటికింద ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల ఉంటుంది.

"ఏం పెద్దాయనా, బండి మాట వినట్లేదా?" అన్నాడు.

ముందు గాలి చూశాడు. ఎడమ టైరులో కాస్త తక్కువుంది. నింపి, "ఇంతే, ఇక వెళ్ళిరండి" అన్నాడు. సంబరంగా బయల్దేరాను. వీధి మలుపు తిరిగానో లేదో మళ్ళీ అదే లాగుడు.

మర్నాడు ముందు టైర్లు రెండూ అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. తప్పు టైరుదైతే ఇప్పుడు కుడికి లాగాలట. ఎడమకే లాగింది. తర్వాత నన్ను ఒక చుట్టు తిప్పుకు రమ్మని, రాగానే రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాడు. బ్రేకు వదలకుండా పట్టుకునుంటే ఆ పక్క ఎక్కువ కాలుతుందట. రెండు పక్కలా ఒకటే వేడి. అతను తల గోక్కున్నాడు. నాకు ఆ పూట తిండి సయించలేదు.

మూడోసారి బండిని జాకీ మీద ఎత్తి కిందికి దూరాడు. కాసేపటికి పిలిచాడు.

"ఇటొచ్చి చూడండి. ఎడమ చక్రాన్ని తిప్పే రాడ్డు ఇది. వంగిపోయింది. ఇది అరుగుదల కాదు పెద్దాయనా, ఎడమ చక్రం దేన్నో గట్టిగా గుద్దింది."

"నాకు తెలీదు" అన్నాను.

"తెలీకపోవడమేంటి? నిద్రపోతూ నడిపారా?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకో నీకు చెప్పాలి. అమ్మాయీ, నా ఎడమ కన్ను సరిగా కనపడటం లేదు. నూనె కాగితం అడ్డం పెట్టినట్టుంటుంది. కుడి కన్ను మూస్తే ఎదుటి గోడ మీది క్యాలెండరు తెల్ల మరకలా ఉంటుంది. పోయినసారి నువ్వొచ్చినప్పుడు, పేపరు చదువుతూ తల ఎందుకు వంచుతున్నావు నాన్నా అన్నావు. మెడనొప్పి అన్నాను. మెడ బాగానే ఉంది. కన్ను సంగతి చెబితే తాళాలు తీసుకుంటారని చెప్పలేదు.

ఇప్పుడు స్పానర్ మాట విన్నాక కాలు ఒకచోట నిలవలేదు. ఎడమ పక్క నేను చూడకుండా గుద్దింది ఏమిటి? రాయా? మనిషా? నేను రోజూ బండి తిప్పే వీధులన్నీ నడిచి చూశాను. ప్రతి మలుపులోనూ అంచురాళ్ళు పగిలే ఉన్నాయి. అన్నీ నేనే కొట్టాననిపించింది. కూరగాయల దుకాణం దగ్గర కాలికి కట్టుతో ఒకతను కుంటుతూ పోతుంటే చాలా దూరం వెంటపడ్డాను.

"ఎలా తగిలింది బాబూ?" అని అడిగాను.

"బాత్‌రూంలో జారాను. నీకెందుకు తాతా?" అన్నాడు.

థాంక్సు చెప్పాను. అతను నన్ను వింతగా చూశాడు.

ఇక దాచుకోలేక మీ అమ్మకి చెప్పాను. బట్టలు మడతపెడుతోంది. కన్ను సంగతీ, రాడ్డు సంగతీ చెప్పి, "ఎవర్నో గుద్దానేమో, నాకు తెలీడం లేదు" అన్నాను. చేతిలో దుప్పటి సగం మడతలో ఆగింది.

"మీరు కాదు. నేను" అంది.

"నువ్వేంటి?"

"పక్కింటి కోడలు నాకు కారు నేర్పుతోంది. మీరు పొద్దున నడకకి వెళ్ళినప్పుడు, గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలో. బ్రేకనుకుని పక్కది తొక్కాను. చక్రం సిమెంటు దిమ్మకి కొట్టుకుంది. మనుషులెవరూ లేరు, ఒట్టు."

"మరి నేను షెడ్డు చుట్టూ తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"గాలి కొట్టిస్తే పోతుందేమో అనుకున్నా. నాకేం తెలుసు?"

"ఈ వయసులో నీకు డ్రైవింగేమిటి?"

"గ్లాసు పక్కన నీళ్ళు పోసుకునే మనిషి పక్కన ఎన్నాళ్ళు కూర్చోమంటారు?" అంది. "కన్ను చూపించుకోండంటే మీరు ముడుచుకుపోతారు. అడగలేకపోయాను. నేర్చుకోవడమే సులువనిపించింది."

ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే నేను ఆ దుప్పటి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం మడతపెట్టాం.

స్పానర్ కొత్త రాడ్డు వేశాడు. బండి తిన్నగా పోతోంది. మీ అమ్మకి నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు కూడా ఉంది. నాకు తెలియకుండా ఫోటో దిగింది. నిన్న పక్కింటి కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పొర కమ్మిందట, తీసేస్తే చూపు చాలావరకు వస్తుందన్నారు. వచ్చే వారం తీస్తారు. చూపు వచ్చాక నడపొచ్చో లేదో అడగబోయి అడగలేదు.

కాబట్టి పిల్లల కోసం నేను కారులో రాను. కంటి కట్టు విప్పాక మీ అమ్మా నేనూ బస్సులో వస్తాం. వాళ్ళకి నువ్వే ఏదో సర్దిచెప్పు.

నిన్న నేను వెనక సీట్లో కూర్చున్నాను. మీ అమ్మ మెల్లగానే నడిపింది. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా నా కాలు ఉత్తి నేలని గట్టిగా తొక్కుతోంది. అద్దంలో మీ అమ్మ అది చూసింది. కాస్త వేగం తగ్గించింది.

ఇట్లు,
కన్ను సంగతి ముందే చెప్పని
మీ నాన్న