కంపెనీ వాసన

పటాన్‌చెరు,
ఆగస్టు నెలాఖరు

దయా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. వాట్సాప్‌లో రాస్తే చదివి ఊరుకుంటున్నావు. ఆ నీలం గీతలు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతోంది. అందుకే పోస్టాఫీసుకు వెళ్ళి కవరు కొనుక్కొచ్చాను. కవరు చింపకుండా పక్కన పెట్టేంత నిగ్రహం నీకు లేదని నాకు బాగా తెలుసు.

మన టీచర్ల సంఘం మీటింగులో నువ్వన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "నీ ఇంట్ల ఎవ్వరు పోలే నాగా, గందుకే బడి తెరవమంటున్నవ్" అని అందరి ముందూ అనేసి లేచి వెళ్ళిపోయావు. జోగిపేట బడిలో పాఠాలు చెబుతూ చెబుతూ కరోనా జ్వరంతో ఇంటికొచ్చిన మీ ఆయన, దేవసహాయం అన్నయ్య, మళ్ళీ లేవలేదు. అప్పటి నుంచి నువ్వు సెలవు పెట్టి సంగారెడ్డిలో తలుపులు వేసుకుని కూర్చున్నావు. బడులు తెరవొద్దని నువ్వు కాక ఇంకెవరంటారు? అయినా సంఘం మండల కార్యదర్శిని నేను, తెరవమనే చెయ్యెత్తాను. ఎందుకెత్తానో చదివి, ఆ తర్వాత నీకు తనివి తీరేదాకా తిట్టు.

మన గడ్డపోతారం బడిలో హర్షిణి ఉంది చూడు, నీ సైన్సు క్లాసులో ఆపకుండా ప్రశ్నలు వేసి "కూసో తల్లీ" అని నీ చేత దండం పెట్టించుకున్న పిల్ల, ఇప్పుడు తొమ్మిదో తరగతికి వచ్చింది. వాళ్ళ నాన్న పెంటయ్య మొన్న రోడ్డు మీద ఎదురుపడ్డాడు. "ఇంట్ల కూసొని ఏం జేస్తది మేడం? బడి తెరవకుంటే ప్యాకింగ్ పనికి తోలుత. వయసు ఎక్కువేసి రాపిస్తనన్నడు మేస్త్రీ" అన్నాడు. ఒకసారి పనికి అలవాటు పడిన పిల్ల తిరిగి బడి మొహం చూడదు. నా ఓటు ఆ పిల్లకి వేశాను దయా, నీకు వ్యతిరేకంగా కాదు.

ఇక కిటికీల గొడవ. సర్కారు కాగితం కిటికీలన్నీ బార్లా తెరవమంటుంది. ఆ కాగితం రాసినవాళ్ళు మన బడికి ఎప్పుడూ వచ్చి ఉండరు. వెనక కంపెనీ గ్యాస్ వదిలితే పిల్లలు వాంతులు చేసుకుంటున్నారని ఆ కిటికీలకు మనమే కదా మేకులు కొట్టించాం! మూస్తే కరోనా, తెరిస్తే కంపెనీ వాసన. అందుకని నేను తిన్నగా కంపెనీ మేనేజరు సూర్యప్రకాశరావు గారి గదికే వెళ్ళాను. బడి నడిచే గంటల్లో గ్యాస్ వదలకూడదన్నాను. ఆయన నా యాస పట్టేసి "మీది ఏ ఊరండీ?" అన్నాడు. మా నాన్నగారు తణుకు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చారని చెప్పగానే కాఫీ వచ్చింది. "మనలో మనకి కాగితాలెందుకండీ? మాటిస్తున్నాను" అన్నాడు. ఇంకేం కావాలి?

నువ్వు కోప్పడితే ఒక్క పూట కూడా తట్టుకోలేని
నాగవల్లి


పటాన్‌చెరు,
గురుపూజోత్సవం మర్నాడు

దయా,

నెగ్గాం!

బడి తెరిచాం. మేకులు పీకించి, తుప్పు పట్టిన రెక్కలకు నూనె పోయించి, కిటికీలన్నీ తెరిపించాను. బెంచీకి ఒక్కరు, అందరికీ మాస్కులు, అన్నం చెట్ల కింద. చెప్పినవన్నీ చేయించాను, హెడ్మాస్టరు గారు నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటున్నారు. అసలు విశేషం అది కాదు. వాసన లేదు! మన బడిలో, తొలి గంట నుంచి చివరి గంట దాకా, కంపెనీ వాసన లేనే లేదు. గోడకు చేరబడి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. బ్లీచింగ్ పొడికి కాస్త జలుబు చేసింది కానీ అదేమీ లెక్కలోది కాదు.

హర్షిణి మొదటి బెంచీలో కూర్చుంది. వచ్చీ రాగానే మాస్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని "టీచర్, వాసనొస్తుంది" అంది. అంతటి గాలి లోపలికి వస్తుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. "అలవాటు పడిన ముక్కు అట్లాగే అంటుంది. ఇంకెవరికైనా వస్తోందా?" అని గద్దించాను. ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్ల తల దించుకుంది.

మాట నిలబెట్టుకున్నవాడిని మెచ్చుకోవద్దా? గురుపూజోత్సవానికి సూర్యప్రకాశరావు గారిని పిలిచి, సంఘం తరఫున నా చేతులతో శాలువా కప్పాను. జిల్లా పేజీలో ఫోటో వేశారు, కింద నా మాటలు కూడా. కాస్త లావుగా పడ్డాను, పోనీలే. ఇప్పుడైనా సెలవు రద్దు చేసుకుని రా. నీ ల్యాబు తాళం నేను ఎవరికీ ఇవ్వలేదు.

గెలిచిన గర్వం దాచుకోవడం చేతకాని
నాగవల్లి


పటాన్‌చెరు,
గదిలో ఒంటరిగా

దయా,

ఈ ఉత్తరాన్ని కవరు మీద శానిటైజర్ చల్లి మా ఆయన పోస్టు చేస్తారు. భయపడకు, ఊపిరి బాగానే ఆడుతోంది.

మొన్న పొద్దున పోపు మాడిపోయింది. నేను స్టవ్ పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతున్నాను. గేటు దగ్గరున్న మా ఆయన సుధీర్ పరుగున వచ్చి స్టవ్ కట్టేసి, "ఇల్లంతా మాడు కంపు కొడుతుంటే నీకు తెలియడం లేదా?" అన్నారు. తెలియడం లేదు. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకు ఆనించుకున్నాను. దాని బదులు మట్టి పెట్టుకున్నా అంతే, ఏ వాసనా లేదు. అప్పుడు నాకు చెమటలు పట్టాయి. జబ్బుకు కాదు దయా. కంపెనీ వాసన ఎక్కడికీ పోలేదు, పోయింది నా ముక్కు. పిల్లలందరినీ ఆ గ్యాస్‌లో కూర్చోబెట్టి, వాసన అన్న పిల్ల నోరు మూయించి, గ్యాస్ వదిలినవాడికి శాలువా కప్పి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పరీక్షలో కరోనా అనే తేలింది. ముందు మన సంఘం సహాయ కార్యదర్శి రాకేష్ సారుకు చెప్పాను. "వైరల్ జ్వరమని చెప్పుండ్రి మేడం. మీకే కరోనా అంటే బడి బంద్ అయితది, సంఘం ఇజ్జత్ పోతది. ఇగ శాలువా ముచ్చట బతికినన్నాళ్ళు యాది జేస్తరు" అన్నాడు. ఇజ్జత్ పోతే పోయింది. కానీ బడి మూస్తే హర్షిణి పనికి పోతుంది. నిజం చెప్తున్నాను, ఆ ఒక్కదాని కోసం అబద్ధం నా నోటిదాకా వచ్చింది. అప్పుడు దేవసహాయం అన్నయ్య గుర్తొచ్చాడు. ఆయన పక్క కుర్చీలో కూడా ఇలాగే ఎవరో జలుబే కదా అనుకుని కూర్చుని ఉంటారు.

సంఘం గ్రూపులో నా పేరుతో పెట్టేశాను: "నాకు కరోనా వచ్చింది. నాకు వాసన తెలియడం లేదు. కాబట్టి కంపెనీ వాసన లేదని నేను చెప్పిన మాట చెల్లదు." బడి మూశారు. పిల్లలకూ టీచర్లకూ పరీక్షలు చేశారు. ఒక్కరికీ రాలేదు, అన్ని తలుపులూ కిటికీలూ తెరిచి ఉండటం మంచిదైందన్నారు డాక్టరు గారు. ఆ మాట విని దిండులో మొహం దాచుకుని ఏడ్చాను. మేనేజరుకు ఫోన్ చేస్తే, "వాసన లేదని పేపర్లో చెప్పింది మీరే కదండీ" అన్నాడు, చాలా మర్యాదగా.

నిన్న పెంటయ్య వచ్చి గేటవతల నిలబడి, "బడి మల్ల బందైంది గద మేడం. ఐతారం దాటినంక బిడ్డను పనిల పెడుత" అని కేకేసి చెప్పి వెళ్ళాడు. కిటికీలోంచి నేను అరిచింది ఆయనకు వినపడలేదు. జబ్బు గురించి నువ్వు భయపడింది నిజం. హర్షిణి గురించి నేను భయపడిందీ నిజం. నేను గది దాటలేను. ఎవరి ముందూ చెయ్యి చాచని నేను నిన్ను అడుగుతున్నాను, వెళ్ళి ఆ మనిషితో ఒక్కసారి మాట్లాడు.

నీ
నాగ


సంగారెడ్డి

నాగా,

నీకు జబ్బు చేసిందని చదివాను. మీటింగులో నేనన్న మాట ఎంత పాడు మాటో అప్పుడు తెలిసింది. క్షమించమని అడగను, నువ్వు క్షమించేశావని నీ మొదటి కవరు చించినప్పుడే అర్థమైంది.

నువ్వు అడిగిన రోజే బస్సెక్కి గడ్డపోతారం వెళ్ళాను. ఇల్లు దాటి అంత దూరం పోవడం ఆయన పోయాక ఇదే మొదలు. పెంటయ్యకు నచ్చజెప్పడం నా వల్ల కాలేదు. వాదించడం నీ విద్య, నాది కాదు. అందుకని వాళ్ళ అరుగు మీద కూర్చుని హర్షిణికి పాఠం మొదలుపెట్టాను. మర్నాడూ వెళ్ళాను. పక్కింటి పిల్లలు వచ్చి దూరందూరంగా కూర్చున్నారు. పెంటయ్య మా చుట్టూ తిరిగి తిరిగి, "మీరు గింత దూరంకెల్లి వస్తుంటే నేనెట్ల తోలుత మేడం? నన్ను పరేషాన్ జేస్తున్నరు" అన్నాడు. మేస్త్రీని పెంటయ్యే తిప్పి పంపేశాడు.

ఆ అరుగు మీద కూడా కళ్ళు మండేంత వాసన. "క్లాసుల గిట్లనే ఉండెనా?" అని హర్షిణిని అడిగాను. నువ్వు గట్టిగా కూర్చుని చదువు నాగా. ఆ పిల్ల ఏమందో తెలుసా? "ఇంతకంటె ఎక్కువనే ఉండె టీచర్. నేను నోరు జారిన. ఎన్కకెల్లి నిహారిక గిచ్చింది. వాసనున్నదంటే మల్ల బడి బంద్ జేస్తరని అందరం ఊపిరి బిగవట్టి కూసున్నం."

రాకేష్ సారుకూ వాసన వచ్చిందట. నువ్వు శాలువా పట్టుకుని నిలబడితే వచ్చిందని చెప్పే ధైర్యం ఎవరికుంది?

నిన్న బడి పిల్లలతో, వాళ్ళ తల్లిదండ్రులతో కంపెనీ గేటు ముందు కూర్చున్నాను. మీ తణుకు మర్యాద నాకు రాదు కదా, "సంఘం శాలువా వాపసియ్యుండ్రి సార్" అన్నాను. మేనేజరు నవ్వాడు. పిల్లలు ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికల్లా బడి గంటల్లో గ్యాస్ వదిలేది లేదని సంతకం పెట్టి ఇచ్చాడు. బడి సోమవారం తెరుస్తారు. నేను సెలవు రద్దు చేసుకున్నాను.

ఇచ్చిన సంతకాన్ని నమ్ముకుని ఊరుకుంటానని అనుకోకు. పిల్లల్ని నిలబెట్టి చెప్పాను: ఇక మీదట ఊపిరి బిగబట్టొద్దు, వాసన వస్తే వచ్చిందని అరవండి, ఆ రోజు మూయించేది బడిని కాదు, కంపెనీని అని. కార్యదర్శివి నిన్ను అడగకుండానే సంఘం తరఫున మాటిచ్చేశాను. జల్దీ లేచి వచ్చి నిలబెట్టు.

నీ
దయ