బొటనవేలు వాడొద్దు

జనవరి 20, సోమవారం

డాక్టరమ్మ రాయమన్నది, రాస్తున్న. నొప్పి ఎప్పుడొస్తది, ఏ వేలుకొస్తది, ఏ పని చేసినంక వస్తది, అన్నీ బుక్కుల రాసి నెల తర్వాత తీసుకరమ్మన్నది. ఈ బుక్కు అయితే చూపియ్య. ఆమెకు వేరే కాగితం రాసిస్త.

దవాఖానల రెండు మణికట్లు కిందికి వంచి, ఒకదానికొకటి ఆనిచ్చి పట్టుకోమన్నది. నిమిషం కాలే, కుడిచేతి వేళ్లల్ల చీమలు పాకినట్టయింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఏం పని చేస్తవని అడిగింది. హైవే మీద ఆయుర్వేద సెంటర్ల లేడీస్ మసాజ్, తొమ్మిదేండ్లయిందని చెప్పిన. రోజుకు ఎంతమంది అన్నది. ఆరుగురు, ఆదివారం ఎనిమిది అన్న. పెన్ను కింద పెట్టింది.

మణికట్టు కాడ నరం నలుగుతున్నదట. ఇట్లనే చేసుకుంట పోతే వేళ్లకు స్పర్శ పోతదట, తర్వాత ఆపరేషనే అట. బొటనవేలు వాడొద్దు. మణికట్టు వంచొద్దు, నిటారుగ ఉంచాలె. గట్టిగ ఒత్తాల్సిన కాడ ముంజేతితోటి ఒత్తాలె. బలం భుజాలకెల్లి కాదు, కాళ్లల్లకెల్లి రావాలె, ఒళ్లు ముందుకు వంచి బరువెయ్యాలె. మనిషికి మనిషికి నడుమ పది నిమిషాలు చెయ్యి ఊకె ఉండాలె. టేబుల్ తొడల ఎత్తుకు ఉండాలె.

మా టేబుల్ నా పక్కటెముకల దాంక ఉంటది. మా ఓనర్ విరూపాక్ష సార్ కేరళకెల్లి లారీల తెప్పించిండు. ఒకటే చెక్క, చుట్టు నూనె కారెతందుకు గాడి. జరపాలంటే నలుగురు మగోళ్లు కావాలె. ఎత్తు శాస్త్రం ప్రకారం ఉన్నదంటడు. నా ఎత్తు ఆ శాస్త్రంల లేదు.

డాక్టరమ్మ ముందల అన్నిటికి ఊ కొట్టి వచ్చిన.

జనవరి 21

పదకొండు: బొటనవేలు. మూడు: బొటనవేలు, చూపుడువేలు. ఐదున్నర: మోచెయ్యి దాంక. ఏ పని చేసినంక: పని చేసినంక.

జనవరి 25, శనివారం

బట్టల షాపు ఆమె వచ్చింది. డాక్టరమ్మ మాట విని ఆమె వీపు మీద ముంజెయ్యి పెట్టిన. రెండు నిమిషాలు కాకముందే తలకాయ లేపి, రేఖా, పొద్దున ఏం తినలేదా అని అడిగింది. తిన్న అన్న. మరి బలం ఏమైందన్నది.

ఇక్కడి లేడీస్‌కు ఒకటే లెక్క. రుద్దితే నొప్పి పుట్టాలె, అప్పుడే పని చేసినట్టు. కండ్లల్ల నీళ్లు తిరిగితే ఇంక మంచిది. ఇంటికి పోయి రేఖ చెయ్యి ఇనుము అని చెప్తరు. ఆ మాట విని ఇంకో నలుగురు వస్తరు. ఆ నలుగురు కూడ ఇనుమే కావాలంటరు.

మళ్ల బొటనవేలు పెట్టిన. గిప్పుడు తెలుస్తుందన్నది.

నాకన్న ముందు ఈ జాగల నాగమ్మ ఉండె. ఆమె చెయ్యి పట్టుకపోతే సార్ మంచిగనే మాట్లాడిండట. ఫికర్ చెయ్యకు, నెల రోజులు రెస్ట్ తీసుకో అన్నడట. ఇరవయ్యో రోజు నేను చేరిన. సంగతి చేరినంక తెలిసింది. తెలిసినంక కూడ నేనేం మానుకోలే. అందుకే నా చెయ్యి సంగతి సార్‌కు చెప్ప. ఆయన మంచిగ మాట్లాడుతడు, నాకదే భయం.

జనవరి 30

శిల్పకు తెలిసిపోయింది. నా కిందనే పని నేర్చుకున్న పిల్ల, నాతోనే డ్యూటీ. చెయ్యి ఊకె ఎందుకు ఇదిలిస్తున్నవక్కా అని అడిగింది. నేను ఇదిలిస్తున్నట్టు నాకే తెల్వదు. తిమ్మిరి పట్టినప్పుడల్లా థర్మామీటర్ దులిపినట్టు దులుపుతున్ననట.

పని అయినంక మహానారాయణ తైలం వేసి నా మణికట్టు పట్టింది. జోరుగ పట్టమన్న. పట్టింది. పది నిమిషాలు హాయిగుండె. ఇక రోజు పట్టమన్న. ఇద్దరికి సర్టిఫికెట్లున్నయి, మా నొప్పి మేమే చూసుకోలేమా ఏంది.

ఫిబ్రవరి 4

జాకెట్ హుక్కులు పెట్టుకోరాలే. శిల్ప పెట్టింది.

ఫిబ్రవరి 6

శిల్ప రోజు పడుతున్నది. వాపు పెరిగింది. గాజులు ఎక్కుత లేవు. ఇంక జోరుగ పట్టమన్న.

ఫిబ్రవరి 10, సోమవారం

సెలవు. మా అత్త మహాదేవమ్మ వెనక గల్లీల బాలింతకు నూనె రుద్ది నీళ్లు పొయ్యతందుకు పోయింది. ఊకె ఇంట్ల ఉండి ఏం చెయ్యాలని నేను కూడ పోయిన. తొమ్మిదేండ్లసంది ఒకే ఇంట్ల ఉన్నం, ఆమె పని చెయ్యంగ నేనెప్పుడు దగ్గర కూసోని చూడలే. చదువుకున్నోళ్ల మసాజ్ మాది, ఆమెది బాలింతల పని అనుకుంట ఉంటి. సిగ్గుగనే ఉన్నది రాయాలంటే.

బాలింతను కింద చాప మీద పండవెట్టింది. మోకాళ్ల మీద కూసున్నది. నూనె చేత్తోటి పూసింది, అంతే. తర్వాత అరచేతులు పైకే ఉన్నయి. ముంజెయ్యి వీపు మీద పెట్టి, తన ఒళ్లంత మెల్లగ ముందుకు వంచింది, మెల్లగ వెనకకు వచ్చింది. నడుముకు మోచెయ్యి. తొడలకు మడమ, గోడ పట్టుకొని నిలబడి. బాలింత నిద్రపోయింది. మా టేబుల్ మీద నిద్రపోయినోళ్లను నేను చూడలే.

డెబ్బై దగ్గరికొచ్చింది మా అత్తకు. చేతులు నొయ్యవా అని అడిగిన. ఎందుకు నొస్తయన్నది. బొటనవేళ్లు వాడవా అని అడిగిన. బొటనవేలుతోటి బువ్వ కలుపుకోవాలె, దానితోటి మనుషులను రుద్దుతరా అన్నది. చెయ్యి చూపియ్యమన్నది. కొంగు కింద పెట్టుకున్న.

ఫిబ్రవరి 11

ఇటుకలు తెచ్చి టేబుల్ పక్కన పరిచిన, మీద చెక్క వేసిన. ఎక్కి నిలబడ్డ. ఎంత తేడా! బరువు దానంతటదే దిగుతున్నది, మణికట్టు వంగుత లేదు. ముగ్గురిని చేసిన, తిమ్మిరి రాలే.

మధ్యాహ్నం రూంల ఎవ్వరు లేనప్పుడు సార్ వచ్చి చూసిండు. ఇటుకలు చూస్తే సెంటర్ ఇజ్జత్ ఏం కావాలె అన్నడు. కోపంగ అనలే. నేనే బయట పారేసొచ్చిన. చెయ్యి నొస్తుందని ఒక్క మాట చెప్తే అయిపోయేది. చెప్పలే.

ఫిబ్రవరి 18, సాయంత్రం 6

రాయాలె.

న్యాల్‌కల్ దిక్కు నుంచి బస్వమ్మ వస్తది. అల్లం తవ్వెతందుకు కూలికి పోతది, నడుము పోయింది. ఏడు సిట్టింగులల్ల ఇయ్యాల మూడోది. నడుము మీద మినప్పిండి ముద్దతోటి గుండ్రంగ కట్ట కట్టి, లోపల గోరువెచ్చటి నూనె పొయ్యాలె. పోసేముందు నూనెల వేలు పెట్టి చూస్త. తొమ్మిదేండ్లసంది వేలుతోనే చూస్తున్న, ఎప్పుడు తప్పు కాలే.

ఇయ్యాల కూడ పెట్టిన. గోరువెచ్చగనే అనిపించింది. పోసిన.

బస్వమ్మ కుయ్యిమనలే. టేబుల్ అంచు పట్టుకున్నదట, నేను చూడలే. ఆమె కాలివేళ్లు ముడుచుకునుడు చూసిన. అప్పుడు గిన్నెకు ఎడమచెయ్యి ఆనిచ్చి చూసిన. చురుక్కుమన్నది. నూనెంత గుడ్డతోటి తీసేసి చల్లటి నీళ్లు పోసిన. నడుము ఎర్రగయింది. రెండు బొబ్బలు లేచినయి.

నా కుడిచెయ్యి చూసుకున్న. చూపుడువేలు కొస ఎర్రగ ఉన్నది. అది కూడ కాలింది, నాకు తెల్వలే.

సార్ గాబరపడి తలుపు కాడికి వచ్చిండు. ఎందుకు అరవలేదమ్మా అని బస్వమ్మను అడిగిండు. ట్రీట్‌మెంట్ అంటే గట్లనే మండుతదేమో అనుకున్న సార్ అన్నది. సార్ స్టవ్‌ను తిట్టిండు, కొత్త స్టవ్ మంట ఎక్కువ అన్నడు. అవునా అని నన్ను అడిగిండు.

అవునన్న.

ఫిబ్రవరి 19

బువ్వ పోలే. నాకు భయమయింది, ఆ భయం బస్వమ్మ గురించి కాదు. నా జాగ పోతదని. ఆమె నడుము మీద నీళ్లు పోసుకుంట కూడ నాగమ్మనే యాది చేసుకున్న. ఇది ఎవ్వరికి చెప్పెటట్టు లేదు, ఈ బుక్కులనే రాస్తున్న.

ఫిబ్రవరి 20

శిల్ప చెయ్యి దులుపుతున్నది. కుడిచెయ్యి. తిమ్మిరా అని అడిగిన. గంతేం లేదక్కా, బొటనవేలు జర గుంజుతున్నదన్నది. నేనే నేర్పిన దానికి, బొటనవేలు పెట్టి లోపలికి దించాలె అని. రోజు నా చెయ్యి పట్టి పట్టి ఇంక పాడు చేసుకున్నది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

పోయి సార్‌కు చెప్పిన. స్టవ్ తప్పు లేదన్న. నా వేళ్లకు వేడి తెలుస్త లేదన్న. జనవరి నుంచి దాచిపెట్టిన అన్న. శిల్పకు కూడ మొదలైంది, టేబుల్ కాళ్లు కొయ్యకుంటే రేపు ఇంకెవరిని తెచ్చినా ఇంతే అన్న. ఒక్క ఊపిరికి చెప్పిన.

సార్ మంచిగ మాట్లాడిండు. రెస్ట్ తీసుకొమ్మన్నడు, ఫికర్ చెయ్యొద్దన్నడు.

అయిపోయింది అనుకున్న.

ఫిబ్రవరి 24

డాక్టరమ్మకు కాగితం చూపించిన. శిల్పతోటి పట్టించుకున్న సంగతి చెప్తే మొట్టమొదటిసారి గట్టిగ మాట్లాడింది. లోపల వాచి నరం నలుగుతుంటే మీదికెల్లి పిసుకుతరా, మీరేం థెరపిస్టులమ్మా అన్నది. మణికట్టుకు బెల్టు కట్టింది, వంగకుండ లోపల పట్టీ ఉన్నది. ఆరు వారాలు. పండుకున్నప్పుడు కూడ తియ్యొద్దు. స్పర్శ మెల్లగ రావచ్చన్నది. వస్తదనలే, రావచ్చన్నది.

మార్చి 3

ఇంట్లనే. ఎడమచేత్తోటి రాస్తున్న. అక్షరాలు గలీజ్‌గ ఉన్నయి.

మార్చి 17

మా అత్త తన పనికి నన్ను వెంట తీసుకపోతున్నది. కూసోని చూడు, చెయ్యి పెట్టకు అన్నది. వారం చూసిన. ఇయ్యాల ఎడమచెయ్యి పెట్టనిచ్చింది. ముందుగాల పాత చీర పేలిక చింపి నా బొటనవేలును అరచేతికి కట్టేసింది. బొటనవేలు తప్పించుకుందామని చూస్తది, నాకే తెలుస్తున్నది. కట్టి ఉంటే ముంజెయ్యే దిగాలె. ఒళ్లు తోసుకుంట బరువెయ్యొద్దు, వాలాలె అన్నది. నాలుగుసార్లు వాలిన. బాలింత ఏం అనలే. మా అత్త కూడ ఏం అనలే. పాస్ అయినట్టే.

మార్చి 26

శిల్ప ఫోన్ చేసింది. సార్ వడ్రంగి వీరేశ్‌ను పిలిపించి టేబుల్ కాళ్లు జానెడు కోయించిండట. కోస్తుంటే సార్ బయటికి పోయి నిలబడ్డడట. నా జాగల ఎవరన్న చేరిన్రా అని అడగబోయి ఆగిన. శిల్పనే చెప్పింది, ఒకామె వచ్చి అడిగిందట, నిలువు కాళ్ల మీద పంపించిండట. రేఖ వస్తది అన్నడట.

ఏడుపొచ్చింది. ఎడమచేత్తోటే తుడుచుకున్న.

ఏప్రిల్ 8, మంగళవారం

డ్యూటీల చేరిన. రోజుకు నలుగురే. మనిషికి మనిషికి నడుమ పది నిమిషాలు. టేబుల్ తొడలకొచ్చింది. నూనె వేడి శిల్పనే చూడాలె, నేను వేలు పెట్టొద్దు, సార్ రూల్. కుడిచేతి నడిమివేలు తేరుకున్నది. చూపుడువేలు ఇంక తేరుకోలే.

బట్టల షాపు ఆమె వచ్చింది. ముంజెయ్యి పెట్టిన, వాలిన. బలం తగ్గింది నీకు అన్నది. అవునన్న. పదినిమిషాలకు గురకపెట్టింది.

ఏప్రిల్ 10

బస్వమ్మ వచ్చింది. మిగిలిన సిట్టింగులు అయిపోగొట్టుకుంటనన్నది. నడుము మీద మచ్చ పడ్డది. అక్కా, ఆ రోజు తప్పు స్టవ్‌ది కాదు, నాది, నా వేళ్లకు వేడి తెల్వలే అని చెప్పిన. తెలుసు బిడ్డా అన్నది. మొదటిరోజే నువ్వు చెయ్యి దులుపుడు చూసిన, మడిల నేను కూడ గట్లనే దులుపుత, నేను అరిస్తే నీ పని పోతుండె అన్నది.

శిల్ప పక్క రూంల ఉన్నది, నూనె చూసెటోళ్లు లేరు. నేను చూస్త తియ్యి అని బస్వమ్మ గిన్నెల వేలు పెట్టింది. వేలు మార్చింది. ఇంకో చెయ్యి పెట్టింది. నాకు కూడ తెలుస్త లేదన్నది.

శిల్ప వచ్చేదాంక ఇద్దరం గిన్నె ముందల కూసున్నం.